మిద్దె యింటిలోని గానము

తిరుపతి పట్టణమున వేకువజామున వీథివెంట నడచువానికి ఏ యింటి ముందర నిలిచినను ఒకే కంఠము వినవచ్చుటయు, ఆ కంఠమే ఒక్కొక్క యింటినుండి ఒక్కొక్క తీరున వెలువడుటయు నేను చిన్ననాటినుండి గమనించుచున్న విషయము. పెంకుటింటి వసారానుండి వచ్చునప్పుడు ఆ సుప్రభాతము మెత్తగా, దగ్గరగా, ఎదుట కూర్చుండి పాడుచున్నట్లుండును. క్రొత్తగా కట్టిన మేడ ముందుగదినుండి వచ్చునప్పుడు అదే సుప్రభాతము, అంతకు పదిరెట్లు వెల పెట్టి కొన్న యంత్రమునుండి వచ్చుచున్నను, గంగాళములో తల దూర్చి పాడినట్లు మారుమ్రోగును. దీనికి కారణమేమని వెదకబోయినచో మన సీమ యిండ్ల చరిత్రయు, మన సీమకు వచ్చిన పాటపెట్టెల చరిత్రయు ఒకచోట తారసిల్లును. ఆ రెండును ఎదురెదురు దిక్కులకు నడచిన చరిత్రలనియు, యంత్రము మెరుగైనకొలది గది చెడుచు వచ్చినదనియు నా నిశ్చయము.

పాటను పదిలపరుపవలెనను తపన ఈ ప్రాంతమునకు క్రొత్తది కాదు. తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనములను ఆయన వంశీయులు రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయములోనే ఒక రాతి అరలో భద్రపరచిరి. ఆయన రచించినవి ముప్పదిరెండు వేలని అనుశ్రుతి. మనకు దక్కినవి పండ్రెండు వేలకు పైబడినవి. ప్రతి సంకీర్తనమునకును రాగము పేరు చెక్కబడియున్నది గాని, ఆ రాగమున ఆ పాట యెట్లు ఎక్కి యెట్లు దిగెనో తెలుపు స్వరము చెక్కబడలేదు. ఇరువదవ శతాబ్దమున ఆ రేకులు కొండ దిగివచ్చి వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మున్నగు పండితుల చేతికి చిక్కినప్పుడు, సాహిత్యమును పరిష్కరించుటతో పని తీరక, పాటలకు మరల వరుసలు కట్టవలసివచ్చెను. మాట నిలిచి నాదము పోయినచో ఎంతటి వెలితి యేర్పడునో ఈ యూరివారికి తెలిసినట్లు మరియొక యూరివారికి తెలియదు. గ్రామఫోను రికార్డును మన పెద్దలు ‘ప్లేటు’ అనుచుండిరి. ఆ మాట విన్నప్పుడెల్ల నాకు ‘రేకు’ జ్ఞప్తికి వచ్చును.

గది లేని చోట శబ్దమును నడపుట మనవారికి చక్కగా తెలిసిన విద్య. చిత్తూరు సీమలో ధర్మరాజుల గుళ్లయెదుట పదునెనిమిది దినములు సాగు భారతపు తిరునాళ్లలో పగలు హరికథయు, రాత్రి వీథినాటకమును నడచును. అర్జునుడు పాశుపతమునకై తపస్సు చేయు ఘట్టము వచ్చినప్పుడు వేషధారి ఆకసమంటునట్లు నాటిన తపసుమాను నెక్కి, కొననుండి పద్యములు పాడును. నేలబారున పోవు శబ్దము గుమిగూడిన జనుల తలలను, బట్టలను ఒరసికొనుచు కొంతదూరములోనే ఆరిపోవును. మీదినుండి వచ్చు శబ్దమునకు ఆ అడ్డు లేదు. తరువాతికాలమున గొట్టపు మైకులను గడలకు కట్టి పైకెత్తిన సౌండు సర్వీసువారు ఆ వేషధారి యెఱిగిన కిటుకునే అనుసరించిరి. ఆరుబయట దూరము రెట్టింపైనప్పుడెల్ల శబ్దము ఆరేసి డెసిబెల్లుల చొప్పున తగ్గును; దానిని గొంతుతోనో యంత్రముతోనో పూరించుకొనవలసినదే గాని, పోయిన మాట తిరిగివచ్చి రానున్న మాటను చెఱుపు బాధ అచట లేదు.

మండపము సంగతి వేఱు. నాట్యగృహము కొండగుహవలె నుండవలెననియు, గాలి విసరు పెద్ద కిటికీలు తగవనియు, అట్లుండిననే కంఠమునకును వాద్యములకును గాంభీర్యము చేకూరుననియు నాట్యశాస్త్రము విధించుచున్నది. తిరుమల కోవెలలో 1417వ సంవత్సరమున చంద్రగిరి అమాత్యుడు మల్లన కట్టించిన తిరుమామణి మండపము వంటి కట్టడములలో గోడలకంటె స్తంభములదే రాజ్యము. చెక్కడపు పనితో మిట్టపల్లములైన రాతిస్తంభము తనపై బడిన శబ్దమును అద్దమువలె తిప్పికొట్టక నానాదిక్కులకు చెదరగొట్టును. 1970 దశకమున జర్మనీ దేశస్థుడైన మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ గణితసూత్రముల ననుసరించి గుంటలు తీర్చిన పలకలను రూపొందించినది ఈ ప్రయోజనమునకే. చంద్రగిరి రాజమహలులో కలప యన్నది లేదు. రాయి, ఇటుక, సున్నము మాత్రమే. కలప లేని చోట శబ్దమును మ్రింగునది మనుష్యులును, వారు తొడుగు వస్త్రములును తప్ప వేఱొకటి యుండదు. కొలువు నిండియున్నప్పుడు ఆ హాలు ఒక తీరుగను, నేడు ఖాళీగా నున్నప్పుడు వేఱొక తీరుగను పలుకవలసినదే.

ఇక పాటపెట్టె. ఎడిసను 1877లో ఫోనోగ్రాఫును నిర్మించిన ముప్పది యొక్క యేండ్లకు, 1908లో, గ్రామఫోను కంపెనీవారు కలకత్తాలో ప్లేట్లు అచ్చువేయు కర్మాగారము నెలకొల్పిరి. ప్లేటునకు మూలద్రవ్యము మన దేశపు లక్కయే. ఒక్కొక్క ప్రక్క మూడు నిమిషములకు మించి పట్టదు; నిమిషమునకు డెబ్బదియెనిమిది చుట్లు; ముల్లు అరిగినప్పుడెల్ల మార్చవలెను, కీ ఇచ్చుచుండవలెను. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడిన నాటికి ఇది జమీందారుల వేడుక. మఱి రెండు దశాబ్దములకు వకీళ్ల యిండ్లకును, బెల్లము మండీల సాహుకారుల యిండ్లకును చేరినది. పుంగనూరున 1898లో జన్మించి, కాంచీపురము నాయనా పిళ్లె శిష్యుడై, జిల్లా పేరే యింటిపేరుగా చేసికొని, 1954లో సంగీత కళానిధియైన చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్లె గానము ఈ సీమవారికి ఇంటనే వినబడుటకు కారణము ఆ లక్క ప్లేటే. గురువుగారి కంఠము ప్లేటునకెక్కలేదు. శిష్యుని కంఠము ఎక్కినది. ఆయన పాడిన ఆనందభైరవి జావళి దక్షిణదేశమంతట మార్మ్రోగినది.

ఆ పాటపెట్టె బాకాకు ఒక లోపముండెను. ఆ లోపమే మనకు మేలు చేసినది. మంద్రస్థాయి ధ్వనులు, అనగా మృదంగపు తొప్పి పలుకు గుంకియు, తంబురా అడుగు శ్రుతియు, ఆ బాకానుండి దాదాపుగా వెలువడవు. 1925లో విద్యుత్తు సాయమున ముద్రించు పద్ధతి వచ్చినను, ఇండ్లలోని పెట్టెలు చాలకాలము పాతవే. గదులకు సహజమైన దోషములన్నిటిలో ప్రబలమైనది మంద్రధ్వనిని ఉబ్బించుట. ఆ ధ్వనియే లేనప్పుడు గది దోషము బయటపడు దారి లేదు.

ఆ బాకా పలికిన యిల్లెట్టిదో చెప్పుదును. నేనెఱిగినది మా తాతగారి మిద్దె. రాయియు బురదమట్టియు కలిపి రెండడుగుల మందమున లేపిన గోడలు. గోడలపై దూలములు, దూలములపై దంతెలు, దంతెలపై పుల్లలు పఱచి మన్ను త్రొక్కి, వాన దిగకుండ పైని చవుడు పోసిన కప్పు. పేడతో అలికిన నేల. నడినెత్తిన వెలుతురుకై విడిచిన గవాక్షి. ఒక మూల వేరుసెనగ మూటలు, ఇంకొక మూల చింతపండు బుట్టలు, అటకపై పాతచీరలు కుట్టిన బొంతలు, దండెముపై వ్రేలాడు పంచెలు, గోడవారను చుట్టిపెట్టిన బూరుగుదూది పరుపులు. ఆ యింట మా జేజి పిలిచినచో మాట పిలిచినచోటనే ఆగినట్లుండును. గట్టిగా నవ్వినను నవ్వు ముగియగానే నిశ్శబ్దము. గ్రామఫోను పెట్టె దీపపు గూటి క్రింద నుండెడిది. పాట సన్నగా వచ్చెడిది గాని, పదపదము విడివిడిగా వచ్చెడిది. మన్ను, కలప, దూది, ధాన్యము, తెరచిన గవాక్షి — ఇవి అన్నియు శబ్దమును మ్రింగునవే. ఈ సంగతి ఎవ్వరును ఎఱిగి చేయలేదు. ఎండకును వానకును కట్టిన యిల్లు పాటకును పనికివచ్చినది.

ఇదే ధర్మమును లెక్కకట్టి చూపినవాడు అమెరికా దేశపు హార్వర్డు విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రోపాధ్యాయుడు వాలెసు సాబిను. 1895లో క్రొత్తగా కట్టిన ఫాగ్ ఉపన్యాసమందిరమున మాట తెలియుట లేదని, దానిని బాగుచేయుమని అధికారులు ఆయనను కోరిరి. పలికిన మాట ఆ మందిరమున అయిదున్నర సెకండ్లు తిరుగాడుచుండెను. ఆయన సమీపమందలి నాటకశాలనుండి ఆసనముల మెత్తలను రాత్రివేళ మోయించి తెచ్చి, ఒక్కొక్క వరుస పఱచి, శబ్దమెంతసేపటికి ఆరునో గడియారముతో కొలిచి, తెల్లవారకమునుపే వానిని యథాస్థానమునకు చేర్పించుచుండెను. గది ఘనపరిమాణము పెరిగినకొలది మారుమ్రోత నిలుచు కాలము హెచ్చుననియు, మ్రింగు వస్తువులు హెచ్చినకొలది తగ్గుననియు ఆ రాత్రుల శ్రమఫలముగా తేలినది. మ్రింగుటకు ఆయన యెన్నుకొన్న కొలమానము తెరచిన కిటికీ. ఏలయన దానిగుండ పోయిన శబ్దము తిరిగి రాదు. మా తాతగారి గవాక్షి సాబిను మానమున నూటికి నూఱుపాళ్లు మార్కులు తెచ్చుకొనును.

మరల మన సీమ పాట కథకు వత్తము. 1938లో మద్రాసు ఆకాశవాణి కేంద్రము వెలసినది. 1963లో కడప కేంద్రము వచ్చినది. ఆ 1963వ సంవత్సరము మన కథలో గొప్పది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గానము చేసిన శ్రీవేంకటేశ సుప్రభాతమును హెచ్.ఎం.వి. వారు లాంగ్‌ప్లే రికార్డుగా వెలువరించినది ఆ యేడే. హాలెండు దేశపు ఫిలిప్సు కంపెనీ చిన్న కాసెట్టును లోకమునకు చూపినదియు ఆ యేడే. ప్రతివాది భయంకర అణ్ణన్ రచించిన సుప్రభాత, స్తోత్ర, ప్రపత్తి, మంగళాశాసనములు నాలుగును కలిసి డెబ్బది శ్లోకములు. ఇరువది నిమిషముల పైమాట. పాత లక్క ప్లేటుపైన దీనిని ఏడెనిమిది ముక్కలు చేయవలసియుండెడిది. స్వామిని మేలుకొలుపుచు నడుమ నడుమ ప్లేటు త్రిప్పి కీ ఇచ్చుట యెంత రసభంగమో ఊహింపవచ్చును. నిమిషమునకు ముప్పదిమూడున్నొకమూడవ వంతు చుట్లు తిరుగు దీర్ఘ ప్లేటు ఆ బాధ తీర్చినది. ఆ రికార్డు రాయల్టీని ఆ మహాగాయని దేవస్థానపు వేదపాఠశాలకు సమర్పించినది. 1978లో దేవస్థానమువారు అన్నమాచార్య ప్రాజెక్టును స్థాపించిరి. రాగిరేకులలో నిద్రించిన పాటలు నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ మున్నగువారి స్వరకల్పనచే మేల్కొని, తరువాత కాసెట్టులపై ఊరూర తిరిగినవి. తిరుపతి వచ్చిన యాత్రికుడు లడ్డూతోపాటు కాసెట్టు కొనక వెడలుట అరుదైన కాలమొకటి యుండెను.

సెట్టు మెరుగుపరచుకొను వ్యసనము అప్పుడే మనవారికి అంటినది. దిగుమతులపై ఆంక్షలు గట్టిగా నున్న దినములవి. జపాను డెక్కు కావలెనన్నచో మద్రాసు బర్మా బజారు. కెపాసిటర్లు, ట్రాన్సిస్టర్లు, స్పీకరు శంకువులు కావలెనన్నచో రిచ్చీ వీథి. పాత ప్లేట్లు కావలెనన్నచో, 1985లో కాలిపోవువఱకు, మూరు మార్కెట్టు. రేణిగుంటలో రైలెక్కినవాడు సాయంత్రమునకు వస్తువులతో తిరిగివచ్చెడివాడు. ఆంప్లిఫయరును రేడియో మెకానిక్కు కూర్చును. స్పీకరు పెట్టెను వడ్రంగి చేయును. ఎడ్గరు విల్చరు అను అమెరికా వాడు 1954లో గాలి దూరని చిన్నపెట్టెనుండియే గంభీరమైన బేసు రాబట్టిన మీదట, బీరువాయంతటి పెట్టెల అవసరము తీరినది. ఆ విద్య తిరుగుచు తిరుగుచు మన వడ్రంగుల వద్దకును వచ్చినది. నాకు పెట్టెలు చేసియిచ్చిన వృద్ధుడు వానిని అప్పగించుచు, “గోడకు ఆనించొద్దు సామీ, గుమ్ము పట్టుకుంటాది, రెండడుగులు ఇవతలికి పెట్టు” అని హెచ్చరించెను. ఆ మాటను నేను ఇరువదియేండ్లు పెడచెవిని పెట్టితిని.

ఈలోపల ఇండ్లు మారినవి. సిమెంటుపై నియంత్రణమును 1982లో కొంతయు, 1989లో పూర్తిగను తొలగించిరి. అంతవఱకు పర్మిట్లకై పడిగాపులు పడినవారికి బస్తాలు అంగట దొరకసాగినవి. అదే దశాబ్దములలో చిత్తూరు జిల్లా గ్రానైటు గనులు విజృంభించినవి. కుప్పము పచ్చరాయి దేశాంతరములకు వెడలినది. అలికిన నేలపోయి కడపబండయు, కడపబండపోయి అద్దమువంటి గ్రానైటును వచ్చినవి. దంతెలు పోయి స్లాబు వచ్చినది, మట్టిపూతపోయి నున్నని పుట్టీ వచ్చినది, గవాక్షి మూసికొనిపోయినది, వేరుసెనగ మూటలు గిడ్డంగులకు తరలినవి. 1991 తరువాత దిగుమతుల ద్వారములు తెఱచుకొని మేలైన యంత్రములు మనకందిన నాటికి, వానిని పెట్టుటకు మిగిలినది ఈ గది.

మా తిరుపతి యింటి ముందుగది పొడవు పండ్రెండడుగులు, వెడల్పు పది, ఎత్తు పది. ఘనపరిమాణము 1,200 ఘనపుటడుగులు. గోడలు, నేల, కప్పు కలిసి 680 చదరపు అడుగులు. గ్రానైటును, పుట్టీ గోడయు తమపై బడిన శబ్దమున నూటికి మూడుపాళ్లకు మించి మ్రింగవు. ఆ లెక్కన గది మొత్తము ఇరువది చదరపు అడుగుల తెరచిన కిటికీతో సమానము. సాబిను సూత్రము ప్రకారము పలికిన ధ్వని ఆ ఖాళీ గదిలో దాదాపు మూడు సెకండ్లు నిలుచును. పండ్రెండు చదరపు అడుగుల కిటికీ తెరచినంతనే రెండు సెకండ్ల లోపలికి దిగును. ఇంటిలో సంగీతము వినుటకు అర సెకండుకు అటునిటుగా నుండుట మేలు. దానికి సుమారు నూటయిరువది చదరపు అడుగుల కిటికీతో సమానమైన మెత్తదనము కావలెను. ఇదంతయు తెలియక నేను మొదట ఆంప్లిఫయరు మార్చితిని. తరువాత స్పీకర్లు మార్చితిని. దుకాణమువాని మాట నమ్మి తీగలు కూడ మార్చితిని. మార్చినప్పుడెల్ల మొదటి రెండుదినములు బాగున్నట్లు తోచి, మూడవనాడు మరల తొప్పి దెబ్బ గదియంత ఉబ్బి, గాయకుని పదమును మ్రింగుచుండెను.

మా అమ్మాయి పెండ్లి దినములలో బంధువులకై తెచ్చిన బూరుగుదూది పరుపులను పనివారు ఆ గది రెండు మూలలను నేలనుండి నిలువెత్తుగా పేర్చిరి. పెండ్లి మరునాటి వేకువను అలవాటు చొప్పున సుప్రభాతము పెట్టితిని. తంబురా నాలుగు తీగలు నాలుగుగా వినబడినవి. గాయని ఊపిరి తీసికొను చప్పుడు వినబడినది. ముప్పదియేండ్లుగా నేను వినుచున్న రికార్డే అది. ఆ ఊపిరిని మాత్రము మిద్దె విడిచిన తరువాత వినియుండలేదు.

పరుపులు తీసివేసినంతనే అంతయు పోయినది. అప్పుడు గాని నేను గదిని చదువనారంభింపలేదు. పది అడుగుల ఎడముగల రెండు గోడల నడుమ సెకండుకు 56 కంపనములు గల ధ్వని నిలువుటలయై చిక్కుకొనును. పండ్రెండడుగుల నడుమ 47. మా గదికి వెడల్పును ఎత్తును సమానమగుటచే ఆ 56 రెండుమార్లు చిక్కి, రెండింతలుగా ఉబ్బుచుండెను. దాని ద్విగుణమైన 113 కూడ అంతే. ఇట్టి అలలన్నిటికిని మూలలలోనే ఒత్తిడి అధికము. కనుకనే మూలలలోని పరుపులు పనిచేసినవి. పలుచని తివాచీ పై స్థాయిని మాత్రమే త్రుంచి, బేసును తాకదు. 56 కంపనముల అల పొడవున నాలుగవ వంతు అయిదడుగులుండగా అంగుళపు మెత్త దానినేమి చేయగలదు? వెనుక గోడకు ఆనుకొని కూర్చున్నచో బేసు పొంగును. గది నడిమధ్య కూర్చున్నచో కొన్ని స్వరములు మాయమగును. నేనిప్పుడు స్పీకర్లను వడ్రంగి చెప్పిన రెండడుగులు ఇవతలికి జరిపితిని. ప్రక్కగోడలపై అద్దముంచి నా కుర్చీనుండి చూచునప్పుడు అందులో స్పీకరు కనబడుచోట్ల దళసరి బొంతలను చట్రములకు బిగించి వ్రేలాడదీసితిని. వెనుక గోడకు లోతు వేర్వేరుగా నున్న గ్రంథములతో బీరువా నిలిపితిని. మూలలను దూదితో నింపితిని. మొత్తము వ్యయము నేను మార్చిన తీగల వెలకు సగము.

మా తాతగారి మిద్దె ఇప్పుడు లేదు. ఆ స్థలమున మూడంతస్తుల కట్టడమున్నది. చిత్తూరు, పుత్తూరు, పీలేరు, పుంగనూరు పల్లెలలో అట్టి మిద్దెలు కొన్ని యింకను నిలిచియున్నవి. ఏటేట కొన్ని కూలుచున్నవి. మీ పెద్దల మిద్దెను పడగొట్టి క్రొత్తయిల్లు కట్టదలచినవారు నేను కోరునది ఒక్కటి చేయుడు. సామానులు తరలింపకమునుపే, మూటలును బొంతలును ఉన్నవి ఉన్నట్లుండగానే, మీ సెట్టును ఒకదినము అచటికి కొనిపోయి, దీపపు గూటి క్రింద పెట్టి, తలుపు మూసి, ఒక్క అన్నమయ్య సంకీర్తనము మొదలునుండి తుదివఱకు వినుడు. తాపీమేస్త్రీని పిలుచుట తరువాత.